చినమౌలానా రెండో శిష్యరికం

షేక్ చినమౌలానా పేరు ఎత్తగానే మనవాళ్ళు సాధారణంగా చెప్పే మొదటి మాట: ముస్లిం అయివుండీ గుళ్ళో నాదస్వరం వాయించారు. నిజమే, మంచి మాటే. చిక్కేమిటంటే చాలాసార్లు చివరి మాట కూడా అదే అవుతుంది. ఆయన్ని మతసామరస్యానికి పటం కట్టి గోడకి తగిలించేశాం. ఏం వాయించారు, అది ఎలా నేర్చుకున్నారు అన్నది పటం వెనక ఉండిపోయింది.

ఆయన 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కరవది గుంటూరు జిల్లాలో ఉండేది, మా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇవన్నీ కలిసి ఒక జిల్లా అయింది 1970లో, దానికి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. ఆ లెక్కన "మా జిల్లా విద్వాంసుడు" అని మనం గర్వపడేలోపే ఆయన శ్రీరంగం వెళ్ళిపోయారు.

ఆయన పుట్టింది సన్నాయి వాయించే కుటుంబంలో. చిలకలూరిపేట చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఈ విద్యని పట్టుకుని ఉన్నాయి. ఆయన గురువు ఆదం సాహెబ్‌ది కూడా చిలకలూరిపేటే. ముస్లిం సన్నాయి వాయించడం ఆ ఇళ్ళలో వింత కాదు, కులవృత్తి లాంటి మామూలు విషయం. కాబట్టి చినమౌలానా ప్రత్యేకతని మనం వేరేచోట వెతకాలి.

నాకు తెలిసినంతలో అది ఆయన రెండో శిష్యరికంలో ఉంది. ఇంటి విద్య వచ్చు, గురువు దగ్గర నేర్చుకున్నదీ ఉంది. అయినా తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై వాద్యం ఆయన్ని లాగింది. రాగాన్ని తొందరపడకుండా, గంటలతరబడి విప్పుకుంటూ పోయే తంజావూరు బాణీ అది. దానికోసం నాచ్చియార్‌కోవిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర మళ్ళీ కింద కూర్చున్నారు.

ఇది ఎంత పెద్ద పనో తెలియాలంటే వాయిద్యాన్ని ఒకసారి చూడాలి. క్లారినెట్‌కి మీటలుంటాయి, మీట నొక్కితే స్వరం చాలావరకు దాని స్థానంలో అది పలుకుతుంది. నాదస్వరానికి వేళ్ళకింద ఏడు రంధ్రాలే, మీటలు లేవు. రెండు స్వరాల మధ్య గమకం పుట్టాలంటే రంధ్రాన్ని సగమో పావో మూయాలి, నోట్లో పీక మీద పెదవి బిగువు మార్చాలి, ఊపిరి తగ్గించి పెంచాలి. అంటే బాణీ ఉండేది కాయితం మీద కాదు, పెదవుల్లో, వేళ్ళలో, రొమ్ములో. బాణీ మార్చుకోవడమంటే ఒంటికి పట్టిన అలవాటుని విప్పి మళ్ళీ కట్టుకోవడం. మేం ప్రోగ్రామర్లం కొత్త లాంగ్వేజ్ నేర్చుకున్నంత తేలిక కాదు.

పోలికకి అమెరికన్ క్లారినెట్ విద్వాంసుడు స్టాన్లీ డ్రకర్ జీవితం చూడండి. 1948లో పందొమ్మిదేళ్ళకి న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో చేరాడు, 1960లో ప్రధాన వాద్యకారుడయ్యాడు, 2009లో రిటైరయ్యాడు. అరవై ఏళ్ళు ఒకే ఆర్కెస్ట్రా. ముందు ఒక కుర్చీ, చేతికి నెల జీతం, స్టాండు మీద అచ్చయిన స్వరలిపి. ఆ నిలకడ గొప్పదే, కానీ దాన్ని మోసే సంస్థ ఒకటి వెనక ఉంది. మన సన్నాయి కళాకారుడికి ఉన్న సంస్థలు గుడి, పెళ్ళి. గుడి ఆదాయం తగ్గినా, పెళ్ళివాళ్ళ అభిరుచి మారినా నష్టపోయేది ఆయనే.

అందుకే 1960లలో, నలభై ఏళ్ళ దరిదాపుల్లో, చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడటాన్ని నేను భక్తి కథగా మాత్రమే చదవలేను. భక్తి ఉంది, ఎవరూ కాదనలేరు. దాంతోపాటు తను నేర్చుకున్నదాన్ని కూర్చుని వినేవాళ్ళున్న చోటికి ఒక పనివాడు వెళ్ళడం కూడా అందులో ఉంది. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1982లో శ్రీరంగంలోనే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. బయటి ప్రాంతం నుంచి వచ్చి, వాళ్ళ బాణీలోనే వాళ్ళని మెప్పించిన మనిషికి దక్కిన గౌరవం అది. మరుసటి ఏడాదే, 1999లో, కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులు 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్నారు. వాళ్ళూ ఆంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళే, వాళ్ళూ శ్రీరంగంలోనే స్థిరపడ్డారు.

ఒకరు వెళ్తే అది ఆయన ఇష్టం అనుకోవచ్చు. శిష్యులు కూడా అదే దారి పడితే ఇక్కడ ఏదో లోపించిందనే అనుకోవాలి. మా వైపు పెళ్ళిళ్ళలో సన్నాయిమేళాన్ని ఇంకా పిలుస్తూనే ఉన్నారు. స్పీకర్ పక్కన ఒక మూల కూర్చోబెడతారు. ఆయన ఒక రాగం అందుకుని నాలుగు నిమిషాలు గడవకముందే ఎవరో వచ్చి సినిమా పాట అడుగుతారు. తాళి కట్టేవేళ "గట్టిమేళం" అని కేకేస్తారు. ఆ ఒక్క నిమిషమే అందరికీ డోలు, సన్నాయి గుర్తొస్తాయి. తోడి రాగం గంటసేపు వాయించగల మనిషి మన మధ్యే ఉన్నా ఆ సంగతి మనకి తెలిసే దారి లేదు.

మతం గురించి ఆయన్ని మెచ్చుకోవడానికి మనకి చెవులు అక్కర్లేదు. అందుకే ఆ మెప్పు అంత తేలిగ్గా వస్తోంది. చినమౌలానా రికార్డింగులు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆయన కథ ఇంకొకరికి చెప్పబోయే ముందు ఒక ఆలాపన పూర్తిగా వినండి, మధ్యలో ఆపకుండా.