మధుమేహం: హకీము నుస్ఖా, ప్రయోగశాల పరీక్ష

వికారాబాద్ దాపున ఉన్న అనంతగిరి కొండలు వనమూలికలకు ప్రసిద్ధి. మోమిన్‌పేట్ వంటి ఊళ్ళవారికి ఒక దిక్కు ఆ మూలికలు, మరొక దిక్కు హైదరాబాదు దవాఖానాలు. చార్మినారు పక్కన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వెలసిన నిజామియా యునానీ దవాఖానా వాటిలో ఒకటి. ఆకు నమిలితే ఇన్సులిన్ మానవచ్చునా అన్న సందేహం మధుమేహ రోగికి కలగడం సహజం. దానికి సమాధానం యునానీ వైద్య చరిత్రలోనే ఉంది.

యునానీ గ్రంథాలు ఈ వ్యాధిని జియాబెతుస్ అన్నాయి. ఎడతెగని దాహం, మాటిమాటికీ మూత్రం దాని గుర్తులు. దీని మూలం మూత్రపిండాల్లో ఉందని ఇబ్నె సీనా (980–1037) తలచారు. అది పొరపాటు. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్‌లు ఒక కుక్కకు క్లోమగ్రంథిని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో ఇన్సులిన్ చేతికందింది.

అయితే పొరపాటును దిద్దుకునే మార్గం కూడా ఇబ్నె సీనాయే చూపి వెళ్ళారు. ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ రెండవ భాగంలో మందును పరీక్షించే షరతులు రాశారు. మందులో వేరే గుణమేదీ కలిసి ఉండరాదు. పలు వ్యాధులు కలిసినచోట కాక, ఒకే వ్యాధి ఉన్నచోట చూడాలి. గుణం ఎల్లప్పుడూ, లేదా అత్యధికుల్లో కనిపించాలి. లేకుంటే అది కాకతాళీయమే. సింహంపైనో గుర్రంపైనో చూసినది మనిషికి చాలదు.

మన దేశపు హకీములు ఇక్కడి మూలికలను కాదనలేదు. పొడపత్రిని గుడ్‌మార్ అన్నారు. ఆ ఆకు నమిలి చక్కెర వేసుకుంటే ఇసుక తిన్నట్టే ఉంటుంది. నాలుకను ఏమార్చిన ఆకు రక్తాన్నీ బాగుచేస్తుందని నమ్మడం తేలికే కాని, రెండూ వేరు. యేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి ఉదయం తాగే అలవాటూ పాతదే. ఆ యేగిసను, అంటే విజయసారాన్ని, భారత వైద్య పరిశోధనా మండలి నాలుగు కేంద్రాల్లో కొత్త రోగులపై పరీక్షించింది. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం 97 మందిలో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయితే పోల్చి చూడడానికి వేరే మందు ఇచ్చిన జట్టు అందులో లేదు. మిగిలిన 30 మందినీ మరువరాదు.

పిల్లల్లో సాధారణంగా వచ్చే మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ మానితే ప్రాణానికే ముప్పు. మాత్రకు మూలిక తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు. కనుక ఏ ఆకు వాడుతున్నదీ డాక్టరుకు, ఏ మాత్ర మింగుతున్నదీ హకీముకు రోగి చెప్పవలసి ఉంటుంది; ఇద్దరూ రక్తపరీక్ష కాగితం చూడవలసి ఉంటుంది.