ప్రకటన కింద ఉండాల్సిన పేరు

ఎన్నికల గోడపత్రిక అడుగున కంటికి ఆనీ ఆనని చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. ముద్రించిన ప్రెస్సు పేరు, ఊరు, ప్రచురించిన వ్యక్తి పేరు. పైనున్న నాయకుడి నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించిన అభ్యర్థి, పార్టీ గుర్తు ఓటరు కోసం. అడుగునున్న ఆ ఒక్క వరుస చట్టం కోసం. భారతదేశంలో రాజకీయ ప్రకటనల నియంత్రణ చరిత్ర చాలావరకు ఆ వరుస చుట్టూనే తిరిగింది. ప్రచారం గోడ నుంచి టీవీ తెరకు, అక్కడి నుంచి ఫేస్‌బుక్‌కు మారిన ప్రతిసారీ వ్యవస్థ ఆ పేరును కొత్త చోటికి మోసుకువెళ్లాలని చూసింది. చివరి మజిలీలో అది చేతిలోంచి జారిపోయింది.

ఆ వరుస పుట్టింది ప్రజాస్వామ్యం కోసం కాదు. 1857 తిరుగుబాటు జరిగిన పదేళ్లకు, 1867లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టాన్ని తెచ్చింది. అచ్చైన ప్రతి పుస్తకం మీద, పత్రం మీద ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు స్పష్టంగా కనిపించాలన్నది దాని మూడో సెక్షన్. అచ్చుకాగితం వెనుక ఉన్న మనిషి అవసరమైనప్పుడు దొరకాలన్నది వలస పాలకుల అక్కర. స్వతంత్ర భారతం ఆ పనిముట్టునే మరో పనికి వాడుకుంది. 1961లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ చేరింది. ఎన్నికల కరపత్రం మీదా, పోస్టరు మీదా ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రచురణకర్త తానెవరో రాతపూర్వకంగా ప్రకటించాలి. ముద్రాపకుడు ఆ ప్రకటనతో పాటు అచ్చు ప్రతిని కూడా అధికారులకు పంపాలి. ప్రత్యర్థి మీద దుమ్మెత్తిపోసే అనామక కరపత్రాలు ఈ సెక్షన్‌తో ఆగిపోలేదు. అయితే పేరు లేని కాగితాన్ని చూసిన క్షణమే అది చట్టవిరుద్ధమని ఎవరైనా చెప్పగలిగే స్థితి వచ్చింది.

పేరు ఎందుకంత ముఖ్యం? ఖర్చు లెక్క దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టిన చట్టం, ఆ ఖర్చు ఎవరిదో తేల్చలేకపోతే నిలబడదు. 1974 అక్టోబరు 3న కన్వర్ లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. అభ్యర్థికి తెలిసి పార్టీ అతని కోసం చేసిన ఖర్చు అతని ఖాతాలోకే వస్తుందని తీర్పునిచ్చింది. ఆ నెల తిరక్కముందే ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పార్టీ గానీ, మరెవరైనా గానీ పెట్టిన ఖర్చు అభ్యర్థిది కాదని 77వ సెక్షన్‌కు ఒక వివరణ తగిలించింది. 2003లో ఆ వివరణను కుదించారు గానీ, పార్టీ సాధారణ ప్రచారానికి ఇప్పటికీ పరిమితి లేదు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి గీత 95 లక్షల రూపాయలు. పార్టీకి గీతే లేదు. తర్వాతి అర్ధశతాబ్దపు ప్రకటనల వ్యాపారమంతా ఈ సందులోంచే నడిచింది.

ఆ వ్యాపారం 1984లో కొత్త రూపు తొడుక్కుంది. అప్పటిదాకా సబ్బులు, సిగరెట్లు అమ్మిన నైపుణ్యం పార్టీలకు పనికివస్తుందని కాంగ్రెస్ గ్రహించింది. రీడిఫ్యూజన్ సంస్థ తయారుచేసిన పత్రికా ప్రకటనల్లో ముళ్లతీగలు, తేళ్లు కనిపించాయి. దేశ సరిహద్దు మీ గుమ్మం దాకా వస్తుందా అన్న భయం కనిపించింది. ఇందిర హత్యానంతర వాతావరణంలో కాంగ్రెస్‌కు 400 పైచిలుకు స్థానాలు వచ్చాయి. ఆ గెలుపులో ప్రకటనల వాటా ఎంతో తేల్చడం అసాధ్యం, అనవసరం కూడా. 2004లో 'ఇండియా షైనింగ్' ఓడింది, 2014లో 'అబ్ కీ బార్ మోదీ సర్కార్' గెలిచింది. గెలిచిన ప్రతి నినాదాన్నీ ప్రతిభగా, ఓడిన ప్రతి నినాదాన్నీ పొరపాటుగా చూపడం ప్రకటనల సంస్థలకు పాత అలవాటు. చరిత్రకు ముఖ్యమైనది మరొకటి ఉంది. 1984 నాటి ప్రకటనను ఓటరు చూసిన పత్రికలోనే ప్రత్యర్థి కూడా చూశాడు. మర్నాడు సభలో బదులివ్వగలిగాడు.

టీవీ తెర మీద ఈ సమస్య చాలాకాలం తలెత్తలేదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో 7(3) నిబంధన రాజకీయ ప్రకటనలను అసలు అనుమతించలేదు. దాన్ని కదిలించింది హైదరాబాద్. జెమిని టెలివిజన్ వేసిన కేసులో 2004 మార్చి 23న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను పక్కన పెట్టింది. లోక్‌సభ ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. నిషేధం పోయింది, నియంత్రణ ఇంకా రాలేదు. సుప్రీంకోర్టు ఏప్రిల్ 13న ఒక మధ్యేమార్గం చూపింది. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి మూడు రోజుల ముందు, ఇతరులు ఏడు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. తయారీకి ఎంతైంది, ప్రసారానికి ఎంతవుతుంది, ఎవరి ప్రయోజనం కోసం అన్న వివరాలు రాసివ్వాలి. పార్టీతో సంబంధం లేని వ్యక్తి ప్రకటన ఇస్తే, అది ఏ పార్టీ లబ్ధి కోసమూ కాదని ప్రమాణం చేయాలి. చెల్లింపు చెక్కు లేదా డిమాండ్ డ్రాఫ్టు ద్వారానే జరగాలి. రెండు రోజుల తర్వాత ఎన్నికల సంఘం ఈ ఏర్పాటును ఉత్తర్వుగా జారీచేసింది. నేడు దేశమంతటా పనిచేస్తున్న మీడియా ధ్రువీకరణ కమిటీల వ్యవస్థకు మూలం తెలుగునేల మీద నడిచిన ఈ దావా అన్న సంగతి ఇక్కడి రాజకీయ చర్చల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది.

2013 అక్టోబరు 25న ఎన్నికల సంఘం అదే చట్రాన్ని సామాజిక మాధ్యమాలకు విస్తరించింది. అభ్యర్థి తన ఖాతాల వివరాలు అఫిడవిట్‌లో చెప్పాలి. ఇంటర్నెట్ సంస్థలకు కట్టిన సొమ్మునే కాదు, పోస్టులు తయారుచేసే సిబ్బంది జీతాలనూ ఖర్చులో చూపాలి. కాగితం మీద ఇది దిట్టమైన ఉత్తర్వే. అయితే సొంత ఖాతాల్లో పెట్టే సందేశాలు, ఫోటోలు, వీడియోలు ప్రకటనల కిందికి రావని సంఘం తర్వాత వివరణ ఇచ్చింది. భావప్రకటన స్వేచ్ఛ దృష్ట్యా అది సమంజసమే. కానీ ప్రకటన ఎక్కడ ముగుస్తుందో, మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పలేకపోవడమే ఈ మాధ్యమం స్వభావం. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు కుప్పకూలాక, ఆ అస్పష్టత కోట్లాది ఫోన్లలోకి చేరింది.

2019 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ తనకు తానుగా గోడపత్రిక అడుగు వరుసను తెరకెక్కించింది. రాజకీయ ప్రకటన ఇచ్చేవారి గుర్తింపును సరిచూస్తామని, సొమ్ము ఎవరిదో ప్రకటన మీద చూపుతామని, అన్నింటినీ యాడ్ లైబ్రరీలో భద్రపరుస్తామని ప్రకటించింది. 1867లో ప్రభుత్వం చేసిన పనిని ఇక్కడ ఒక విదేశీ కంపెనీ తన ఇష్టానుసారం చేసింది. అదే ఏడాది మార్చిలో కంపెనీలన్నీ కలిసి ఎన్నికల సంఘానికి సమర్పించిన నియమావళి కూడా స్వచ్ఛందమే. ఏప్రిల్ 1న ఫేస్‌బుక్ కాంగ్రెస్ ఐటీ విభాగానికి చెందిన వ్యక్తులతో ముడిపడినవని చెప్పి 687 పేజీలను, ఖాతాలను తొలగించింది. బీజేపీ అనుకూల ప్రచారం చేస్తున్న ఒక ఐటీ సంస్థకు చెందిన 15 పేజీలు, ఖాతాలు కూడా అదే రోజు పోయాయి. దేశంలోని ఎన్నికల నేరాన్ని విచారించి శిక్ష వేసింది ఎవరు అన్నది అప్పట్లో పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న.

మూడేళ్లకు ఆ లైబ్రరీ నుంచే అసలు లెక్క బయటికి వచ్చింది. రిపోర్టర్స్ కలెక్టివ్, యాడ్ వాచ్ అనే రెండు బృందాలు 2019 ఫిబ్రవరి నుంచి 22 నెలల కాలంలో వచ్చిన 5,36,070 రాజకీయ ప్రకటనలను పరిశీలించి 2022 మార్చిలో అల్ జజీరాలో కథనాలు ప్రచురించాయి. బీజేపీ అధికారికంగా ఇచ్చిన ప్రకటనలకు దాదాపు 136 కోట్ల వీక్షణలు వచ్చాయి. పార్టీతో సంబంధం బయటపెట్టని కనీసం 23 ప్రకటనదారులు ఆ పార్టీకి అనుకూలంగా ఇచ్చిన వాటికి దాదాపు 131 కోట్లు. అంటే పేరున్న ప్రచారానికి సరిసమానంగా పేరులేని ప్రచారం నడిచింది. 2004లో సుప్రీంకోర్టు అడిగిన ప్రమాణం ఇక్కడ ఎవరూ చేయలేదు, ఎవరూ అడగలేదు.

అంతకన్నా లోతైన విషయం ధర. ఒక ప్రకటన పది లక్షల సార్లు కనిపించడానికి బీజేపీ వర్గానికి సగటున 41,844 రూపాయలు, కాంగ్రెస్ వర్గానికి 53,776 రూపాయలు అయిందని ఆ పరిశీలన తేల్చింది. తమ విధానాలు రాజకీయాలతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకేలా వర్తిస్తాయని మెటా బదులిచ్చింది. ఆ మాట నిజమే అనుకున్నా సమస్య తీరదు. సామాజిక మాధ్యమంలో ప్రకటన స్థలం వేలంలో అమ్ముడవుతుంది. ఎవరెంత పాడారన్నదొక్కటే కాదు, చూసినవారు ఆ ప్రకటనకు ఎంతగా స్పందిస్తారన్న యంత్రపు అంచనా కూడా విజేతను తేలుస్తుంది. ఇప్పటికే పెద్ద అభిమానగణం ఉన్న సబ్బుకు ఈ పద్ధతిలో చోటు చౌకగా దొరుకుతుంది. పార్టీకీ అంతే. సబ్బుల విషయంలో దాన్ని వ్యాపారమంటాం. ఎన్నికల ఖర్చు పరిశీలకుడు మాత్రం పత్రికకైనా, టీవీకైనా ఒక రేటు కార్డు ఉంటుందన్న నమ్మకంతో కూర్చుంటాడు. ఒకే సరుకు ఇద్దరు అభ్యర్థులకు రెండు ధరలకు అమ్ముడయ్యే చోట ఖర్చు పరిమితి అనే మాటకు అర్థమే మారిపోతుంది. సమాన పరిమితి ఇక సమాన అవకాశం కాదు.

విచిత్రమేమంటే, సబ్బుల విషయంలో భారతదేశం ఈ మధ్య చాలా కఠినంగా మారింది. డబ్బు తీసుకుని క్రీము పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్ అది ప్రకటనేనని చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలిచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా అదే మాట చెప్పింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా పడుతుంది. కానీ రాజకీయ ప్రకటనలు ప్రమాణాల మండలి పరిధిలోకి రావు. అదే ఇన్‌ఫ్లుయెన్సర్ ఎన్నికల వేళ ఒక నాయకుడితో ముచ్చట్ల వీడియో చేస్తే, దాని వెనుక సొమ్ము ఉందో లేదో చూసేవాడికి తెలిసే దారి లేదు.

అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ప్రకటనలకు ఖర్చుపెట్టడం నేరమే. 1920లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 171హెచ్ సెక్షన్ ఆ మాట చెప్పింది. జరిమానా 500 రూపాయల వరకు. రెండో ప్రపంచ యుద్ధం, స్వాతంత్ర్యం, టీవీ, ఇంటర్నెట్ అన్నీ వచ్చినా ఆ అంకె 104 ఏళ్లు కదల్లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని 176వ సెక్షన్‌గా మార్చి, జరిమానాను పదివేల రూపాయలకు పెంచింది. ఐరోపా సమాఖ్య ఇలాంటి ప్రకటనల లక్ష్య నిర్దేశంపై, పారదర్శకతపై చట్టం తెస్తే, అక్కడ రాజకీయ ప్రకటనలనే ఆపేస్తామని మెటా 2025 జూలైలో ప్రకటించింది. ఇక్కడి సంహితలో ఒక మినహాయింపు మాత్రం 1920 నాటి రూపంలోనే మిగిలి ఉంది. అనుమతి లేకుండా ఖర్చుపెట్టిన మొత్తం పది రూపాయలకు మించకపోతే, పది రోజుల్లోగా అభ్యర్థి చేత రాతపూర్వక ఆమోదం తెచ్చుకుంటే చాలు, అది నేరం కాదు.