ఆడిన ఆటను దాచుకోవడం ఎలా మొదలైంది

1981 నవంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రం, ఒటమ్వా పట్టణంలో వాల్టర్ డే ‘ట్విన్ గెలాక్సీస్’ పేరుతో వీడియో గేమ్‌ల ఆర్కేడ్ తెరిచాడు. ఏ ఆటలో ఎవరిది ఎక్కువ స్కోరో లెక్క రాసిపెట్టే పనిని మరుసటి ఏడాది నుంచి భుజాన వేసుకున్నాడు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న కుర్రాడు ‘నేనింత కొట్టాను’ అంటే నమ్మేదెలా? క్రమంగా వీడియో టేపు దానికి సాక్ష్యమైంది. మెషీన్ ముందు క్యామ్‌కార్డర్ నిలబెట్టి తీసేవారు. పిక్చర్ ట్యూబ్ వేగానికీ కెమెరా వేగానికీ పొత్తు కుదరక తెర మీద పట్టీలు జారుతూ కనిపించేవి. ఆట శబ్దంలో గది రొదంతా కలిసిపోయేది. అయినా ఆ టేపులే రుజువులు.

కంప్యూటర్లలో కథ వేరే దారి పట్టింది. 1993 డిసెంబరు 10న ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ‘డూమ్’లో రికార్డింగ్ సదుపాయం ఆటతోపాటే వచ్చింది. అయితే అది బొమ్మనూ దాచదు, శబ్దాన్నీ దాచదు. సెకనుకు 35 సార్లు ఆటగాడు ఏం చేశాడో, ఎటు నడిచాడో, ఎటు తిరిగాడో, ఎప్పుడు కాల్చాడో, ఒక్కోసారికి 4 బైట్లలో రాసుకుంటుంది. అంటే సెకనుకు 140 బైట్లు. 1.44 ఎంబీ ఫ్లాపీలో మూడు గంటలకు కాస్త తక్కువ ఆట పట్టేది! తిరిగి చూసేటప్పుడు డూమ్ ఆ కదలికలను చదువుకుంటూ ఆటను మళ్లీ మొదటి నుంచి నడుపుతుంది. ఆటలో యాదృచ్ఛికంగా జరిగినట్టు కనిపించేవన్నీ నిజానికి 256 అంకెల స్థిరమైన పట్టిక నుంచి వచ్చేవే కాబట్టి ప్రతిసారీ ఫలితం ఒకటే. బొమ్మా, శబ్దమూ అప్పటికప్పుడు పుట్టేవి కనుక మసక అన్న మాటే లేదు. ఇంత పొదుపైన, ఇంత తెలివైన పద్ధతి ఆ తర్వాత ఈ రంగంలో రాలేదనే చెప్పాలి. చిక్కల్లా ఒకటే: చూసేవాళ్ల దగ్గరా అదే ఆట, సరిపడే వెర్షన్ ఉండాలి. వెర్షన్ మారితే లెక్క తప్పి, రికార్డులోని ఆటగాడు గోడలకు గుద్దుకుంటూ తిరిగేవాడు.

1996లో వచ్చిన ‘క్వేక్’ ఆటగాడి మీటలకు బదులు ఎవరు ఎక్కడున్నారో దాచింది. దాంతో కెమెరా కోణం తర్వాత మార్చుకునే వీలు చిక్కింది. ఆ ఏడాదే కొందరు ఆటగాళ్లు ‘డైరీ ఆఫ్ ఎ క్యాంపర్’ అనే చిట్టి సినిమా తీశారు. 1997లో ‘క్వేక్ డన్ క్విక్’ బృందం ఆట మొత్తాన్ని 19 నిమిషాల 49 సెకన్లలో ముగించి, దాన్ని సినిమాలా చూపించింది.

ఆట లేనివాళ్లకు కూడా చూపించాలంటే మాత్రం తెరనే పట్టుకోవాలి. అక్కడే అసలు భారం. 1920 బై 1080 తెరను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున కుదించకుండా దాస్తే సెకనుకే 373 ఎంబీ, నిమిషానికి 22 జీబీ దాటుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన బీపా సంస్థ 1999లో మొదట విడుదల చేసిన ‘ఫ్రాప్స్’ సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూపే సాధనం. తరువాత అదే రికార్డింగుకు చాలామందికి దిక్కయింది. ఉచిత వెర్షన్‌లో 30 సెకన్లే, అదీ బొమ్మ మీద ఫ్రాప్స్ ముద్రతో. ప్రాసెసర్ అలిసిపోకూడదని తక్కువగా కుదించేది. అందుకే ఫైళ్లు గుట్టలుగా పేరుకునేవి. హార్డ్ డిస్క్ అందుకోలేకపోతే ఆటే తడబడేది. స్పష్టమైన బొమ్మకు మూల్యం ఆటగాడే చెల్లించాడు.

2012లో రెండు మార్పులొచ్చాయి. ఎన్‌విడియా తన కెప్లర్ గ్రాఫిక్స్ చిప్‌లలో వీడియోను కుదించడానికే ప్రత్యేకంగా ఒక భాగాన్ని పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో హ్యూ బెయిలీ తెరను రికార్డు చేసే ‘ఓబీఎస్’ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చాడు. 2013 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ మీద ‘షేర్’ బటనే ఉంది. దాన్ని నొక్కడానికి ముందటి 15 నిమిషాల ఆటను కన్సోల్ దాచిపెట్టేది.

ఇంత జరిగినా శబ్దం వెనకబడే ఉంది. మన దగ్గర ఫోన్లలో ఆడినవాళ్లకిది బాగా తెలుసు. 2014లో ఆండ్రాయిడ్ 5తో రూట్ చేయకుండానే తెర రికార్డింగ్ సాధ్యమైంది. కానీ ఆట శబ్దాన్ని లోపలి నుంచే తీసుకునే వీలు యాప్‌లకు ఇచ్చింది 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10; అదీ ఆ గేమ్ అనుమతిస్తేనే. తుపాకుల ఆట పబ్‌జీ మొబైల్ వచ్చింది 2018లో. కాబట్టి తొలి రోజుల్లో చాలా ఫోన్లలో తుపాకీ మోత స్పీకర్లోంచి బయటికొచ్చి, ఫ్యాను గాలినీ వీధి హారన్లనూ వెంటేసుకుని మైకులోకి దూరేది. వ్యాఖ్యానం చెప్పే గొంతు ఆ రొదలో మునిగిపోయేది. రెండూ ఒకే ట్రాక్‌లో ఉంటే తర్వాత విడదీయడం చాలా కష్టం.

సర్వర్ల మీద నడిచే ఆటకు డూమ్ లాంటి దీర్ఘాయువు లేదు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించారు. అప్పటిదాకా మన కుర్రాళ్లు ఆడిన మ్యాచ్‌లలో మిగిలినవి రికార్డింగులే. అందుకే తెలుగులో గేమింగ్ వీడియోలు చేసేవాళ్లకు ఒక మనవి: ఓబీఎస్‌లో 6 ఆడియో ట్రాక్‌లున్నాయి, గొంతు ఒకదాంట్లో, ఆట శబ్దం మరొకదాంట్లో పెట్టండి. ఎక్కించిన వీడియోను యూట్యూబ్ మళ్లీ కుదిస్తుంది. కాబట్టి అసలు ఫైలును చెరిపేయకండి.