మండపం నుంచి పూలువపట్టి దాకా

వలస అనగానే తుడియలూరు తెలుగువాళ్ళం విజయనగర కాలం కథ ఎత్తుకుంటాం. మన కోయంబత్తూరు జిల్లాలోనే, పూలువపట్టి శిబిరంలో, ఇంకా ముగియని వలస ఒకటుంది.

1983 జూలై అల్లర్ల తర్వాత శ్రీలంక తమిళులు పడవల్లో రామేశ్వరం తీరానికి వచ్చారు. మండపం శిబిరంలో పేర్లు రాయించుకుని జిల్లాలకు చేరారు. నెలనెలా కొంత డబ్బు, ఒకప్పుడు కిలో 57 పైసలకు బియ్యం. 2021లో కుటుంబ పెద్దకిచ్చే వెయ్యిని 1,500 చేశారు, అకతి అనే మాట తీసేసి పునరావాస శిబిరం అన్నారు. మంచిదే. కానీ ఇక్కడే పుట్టిన పిల్లల్లో చాలామందికి పౌరసత్వం లేదు. 2019 చట్ట సవరణలో శ్రీలంక ఊసే లేదు.

కండిని 1739 నుంచి 1815 దాకా ఏలింది మధుర నాయకుల చుట్టాలేనని మాత్రం మనం గొప్పగా చెప్పుకుంటాం!

దుప్పట్లు, చీరలు పంచాలనుకునేవాళ్ళు పంచండి. వచ్చే సమావేశంలో ఆ పిల్లల కాలేజీ ఫీజుల మాట కూడా ఎత్తుదాం.