చెర విడిపించే చందా

2011 వేసవిలో నేను గంజాం జిల్లాలో ఒక చిన్న బ్రాంచికి మేనేజరుగా ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం గోపాలపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆ తీరాన తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు మత్స్యకారుల్లో ఒకరు. కొడుకుని సరుకుల ఓడలో పనికి తర్ఫీదు ఇప్పించాలి, అందుకు అప్పు కావాలి. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. సంతకాలకు ముందు అలవాటు ప్రకారం చెప్పాను, "అప్పుకి బీమా కూడా చేస్తాం. అబ్బాయికి ఏమన్నా అయితే బాకీ మీ మీద పడదు" అని.

ఆయన కాసేపు ఊరుకుని అన్నారు: "సముద్రం సంగతి నాకు తెలుసు బాబూ. మనుషుల సంగతే తెల్దు. సోమాలియా దొంగలు మనోళ్ళని పట్టుకున్నారని పేపర్లో ఏసినారట. మా గుంటణ్ణి అలాగే ఎత్తుకెలిపోతే డబ్బెవరిస్తారు? మీ అప్పుకి బీమా ఉంది, సరే. మా గుంటడికేటుంది?"

నా దగ్గర జవాబు లేదు. బి.కాం.లో బీమా ఒక పేపరుగా చదివినవాణ్ణే. చెస్టు నుంచి బ్రాంచికి వచ్చే నోట్ల పెట్టెకు బీమా ఉంటుందని తెలుసు. ఆ పెట్టె పక్కన కూర్చుని వచ్చే మనిషిని ఎవరైనా ఎత్తుకుపోతే ఏమవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆనాటి నుంచి వీలు దొరికినప్పుడల్లా ఈ సంగతి చదువుతూ వచ్చాను. తెలిసినంతలో పాఠకులకు మనవి చేస్తాను.

మనిషిని పట్టుకుని సొమ్మడగడం కొత్త పాపం కాదు. ఆ సొమ్ముకు బైబిలు తెలుగు అనువాదంలో చక్కని మాట ఉంది: విమోచన క్రయధనం. క్రయమంటే కొనడం. మన మనిషిని మనమే కొనుక్కోవడం అన్నమాట. క్రీ.పూ. 75 ప్రాంతంలో సముద్రపు దొంగలు జూలియస్ సీజరును పట్టుకుని 20 టాలెంట్లు అడిగితే, తన ఖరీదు అంత తక్కువా అని నవ్వి 50 ఇస్తానన్నాడని ప్లూటార్క్ రాశాడు. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డు 1192లో ఆస్ట్రియాలో చిక్కితే, విడుదలకు 1,50,000 మార్కుల వెండికి బేరం కుదిరింది. అందుకోసం ప్రజల ఆదాయంలో, చరాస్తుల్లో నాలుగో వంతు పన్ను వేశారు. రాజుకు రాజ్యమంతా హామీ. మరి మామూలు మనిషికో?

పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఆల్జియర్స్, ట్యూనిస్, ట్రిపోలీ రేవుల నుంచి బయలుదేరిన ఓడదొంగలు యూరప్ నావికులను వేలకు వేలు పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవారు. 'డాన్ కిహోటె' రాసిన సెర్వాంటిస్ 1575లో అలా చిక్కి, ఐదేళ్ళు ఆల్జియర్స్‌లో చెర అనుభవించాడు. 1580లో 500 ఎస్కూడోలు చెల్లించి క్రైస్తవ సన్యాసులు విడిపించారు. ఆ సొమ్ములో కొంత ఇంటివారు కూడబెట్టింది, మిగిలింది సన్యాసులు సర్దినది. అంటే బందీ బతుకు ఇంటివారి శక్తి మీద, పరుల దయ మీద ఆధారపడి ఉండేది.

జర్మనీలోని హాంబుర్గ్ నగరం వేరే దారి వెతికింది. ముందుగా 1622లో అక్కడి ఓడల కెప్టెన్లు, అధికారులు తమలో తాము ఒక నిధి పెట్టుకున్నారు. మామూలు కళాసీలకు అందులో చోటు లేదు. 1624లో నగరమే వారికోసం ఒక నిధి ఏర్పాటు చేసింది. దాని పేరుకు అర్థం 'బానిసల ఖజానా'. ఓడ యజమానులు, నావికులు చందా కట్టి తీరాలి. చర్చీల్లో పోగైన కానుకలు కూడా అందులో చేరేవి. ఎవరు చిక్కినా ఆ నిధి నుంచి విడిపించేవారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. దానాన్ని హక్కుగా మార్చడమే బీమా అని మా లెక్చరరు గారు చెప్పిన మాటకు అర్థం నాకు ఇక్కడే బోధపడింది. మరో వింత: 1681 నాటి ఫ్రాన్సు నౌకాశాసనం మనిషి ప్రాణం మీద బీమా కూడదంది. అదే శాసనం నావికులు, ప్రయాణికులు తమ స్వేచ్ఛ మీద బీమా చేసుకోవచ్చంది.

ఇప్పుడున్న రూపంలో ఈ బీమా పుట్టుక అమెరికాలో జరిగిన ఒక ఘోరంతో ముడిపడి ఉంది. 1932 మార్చి 1 రాత్రి, అట్లాంటిక్‌ను ఒంటరిగా విమానంలో దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఇంటి నుంచి 20 నెలల పసివాణ్ణి ఎత్తుకుపోయారు. 50,000 డాలర్లు ఇచ్చారు. మే 12న బిడ్డ శవం దొరికింది. ఇచ్చిన నోట్ల నంబర్లన్నీ ముందే రాసి ఉంచారు. వాటిలో చాలావరకు 1933లో ప్రభుత్వం వెనక్కి పిలిచిన బంగారు నోట్లు. 1934 సెప్టెంబరులో ఒక పెట్రోలు బంకులో పది డాలర్ల బంగారు నోటు వస్తే, బంకు మనిషి అనుమానించి కారు నంబరును ఆ నోటు మీదే రాశాడు. బ్యాంకు గుమాస్తా దాన్ని పసిగట్టాడు. నేరస్థుడు దొరికాడు. బ్యాంకు వాణ్ణి కనుక నాకు ఈ భాగం మహా గర్వంగా ఉంటుంది. కానీ బిడ్డ తిరిగి రాలేదు. ఆ కేసు రేపిన భయంలోనే లండన్‌లోని లాయిడ్స్ బీమా విపణిలో అపహరణ బీమా మొదలైంది.

అది వ్యాపార సంస్థల అవసరంగా మారింది 1970 దశకంలో. 1973లో రోమ్‌లో చమురు కుబేరుడు పాల్ గెట్టీ మనవణ్ణి ఎత్తుకుపోయి, చివరకు చెవి కోసి పంపారు. తాత తన వంతుగా ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చేంతవరకు ఇచ్చి, మిగిలింది కొడుక్కి నాలుగు శాతం వడ్డీకి అప్పిచ్చాడని చెబుతారు. 1974లో అర్జెంటీనాలో ధాన్యం వ్యాపారులైన బోర్న్ సోదరులను తిరుగుబాటుదారులు పట్టుకుని సుమారు 6 కోట్ల డాలర్లు రాబట్టారు. సొమ్మొక్కటే ఉంటే చాలదు, బేరం తెలిసిన బుర్ర కావాలని బీమావారికి అప్పటికి అర్థమైంది. 1975లో లండన్‌లో కంట్రోల్ రిస్క్స్ అనే సలహా సంస్థ పుట్టింది ఈ పనికే.

ఈ పాలసీ పనిచేసే తీరు కొంచెం వివరిస్తాను. బీమా కంపెనీ దొంగకు డబ్బివ్వదు. పాలసీ తీసుకున్న సంస్థే ముందు సొమ్ము సమకూర్చుకుని ఇచ్చుకోవాలి. ఆ తరువాత, నిజంగా ఖర్చయినంత మేరకు బీమావారు తిరిగి చెల్లిస్తారు. ఆ సొమ్ముకోసం బ్యాంకులో అప్పు చేస్తే దాని వడ్డీ, దారిలో సొమ్ము పోతే ఆ నష్టం, సలహాదారు ఫీజు, విడుదలైన మనిషికి వైద్యం ఇవన్నీ సాధారణంగా లెక్కలోకి వస్తాయి. పాలసీ ఉన్నదన్న సంగతి గుట్టుగా ఉంచాలన్నది ముఖ్యమైన షరతు. తెలిస్తే దొంగ రేటు పెంచుతాడు. అందుకే చాలాచోట్ల ఎవరి కోసం పాలసీ తీసుకున్నారో ఆ ఉద్యోగికే తెలియదు.

సలహాదారు వచ్చి మొదట చేసేది ఇంట్లో, ఆఫీసులో గందరగోళాన్ని ఆపడం. మాట్లాడేవాడు ఒక్కడే. నిర్ణయించేవారు వేరు. బందీకి మాత్రమే తెలిసిన చిన్న ప్రశ్న అడిగి, మనిషి బతికే ఉన్నాడని రూఢి చేసుకుంటారు. ఇస్తామనే మొత్తాన్ని పెంచుతూనే, ప్రతిసారీ ఆ పెంపును తగ్గిస్తూ వస్తారు. ఇక వీళ్ళ దగ్గర లేదని అవతలివాడికి తోచాలి. ఇలా చూస్తే బీమా కొనిపెట్టేది మనిషిని కాదు, ఓపికను.

ఒక ఉదాహరణ చెబుతాను. 2009 జనవరి 29న లాంగ్‌చాంప్ అనే ఓడను సోమాలీ దొంగలు ఏడెన్ సింధుశాఖలో పట్టుకుని 60 లక్షల డాలర్లు అడిగారు. 51 రోజుల బేరం తరువాత 18.5 లక్షలకు తెగింది. ఆ 51 రోజుల జీతాలు, ఇంధనం ఖర్చు ఎవరు భరించాలన్న తగాదా బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అందరి క్షేమం కోసం పెట్టిన ఖర్చును ఓడవారు, సరుకువారు పంచుకోవాలన్నది నౌకా వ్యాపారంలో పాత సూత్రం. బేరంతో సొమ్ము ఆదా అయింది కనుక ఆ ఖర్చునూ పంచుకోవాల్సిందేనని 2017లో కోర్టు తేల్చింది. ఓపికకు కూడా చిట్టాలో పద్దు ఉందన్నమాట.

దీన్ని తప్పుపట్టేవారూ ఉన్నారు. బీమా ఉంటే దొంగతనం పెరగదా? ఇటలీ 1991లో బాధితుల కుటుంబం ఆస్తులను స్తంభింపజేసే చట్టం తెచ్చింది. ఉగ్రవాదులకిచ్చిన సొమ్మును బీమావారు తిరిగి చెల్లించకూడదని బ్రిటన్ 2015లో చట్టం చేసింది. దీనికి భిన్నంగా, ఈ వ్యాపారాన్ని పరిశీలించిన లండన్ ఆచార్యురాలు ఆన్యా షార్ట్‌లాండ్ 2019 నాటి తన పుస్తకంలో, రేపటి క్లెయిము కూడా తమ నెత్తినే పడుతుంది కనుక బీమావారు రేట్లు చెయ్యిదాటకుండా చూస్తారని వాదించారు. నాకు రెండు వాదాల్లోనూ నిజం కనిపిస్తుంది. అయితే తన బిడ్డ చెరలో ఉన్న తండ్రికి ఈ చర్చతో పనిలేదు.

బీమాకు అందనివీ ఉన్నాయి. ఆ పెద్దాయన పేపరు వార్త బహుశా ఆస్ఫాల్ట్ వెంచర్ ఓడది. 2010 సెప్టెంబరులో చిక్కిన ఆ ఓడలో 15 మందీ భారతీయులే. 2011 ఏప్రిల్‌లో సొమ్ము ముట్టాక ఓడను, ఎనిమిది మందిని వదిలారు. మన నౌకాదళం పట్టుకున్న తమవాళ్ళను విడవాలంటూ మిగిలిన ఏడుగురిని ఉంచేసుకున్నారు. వాళ్ళు బయటపడింది 2014 అక్టోబరులో. అదే 2011 ఫిబ్రవరిలో మా ఒడిశాలోనే, మల్కన్‌గిరి కలెక్టరుగా ఉన్న తెలుగువాడిని మావోయిస్టులు పట్టుకుపోయినప్పుడు అడిగింది కూడా డబ్బు కాదు, జైళ్ళలోని మనుషులను. ఆయన చర్చల తరువాత తొమ్మిదో రోజున క్షేమంగా వచ్చారు. ఇక యజమాని చేతులెత్తేసిన ఐస్‌బర్గ్-1 నావికులు 2010 మార్చి నుంచి 2012 డిసెంబరు దాకా, సైనికులు వచ్చి విడిపించేవరకు, చెరలోనే ఉన్నారు. ఆ ఓడలోనూ మన దేశస్థులున్నారు.

ఆ పెద్దాయన కొడుకు ఓడెక్కాడు, వాయిదాలు తప్పకుండా బాకీ తీర్చాడు. నేను బదిలీ మీద ఆ ఊరు విడిచాను. ఈరోజు ఆయన నా టేబులు ముందు కూర్చుంటే ఇలా చెబుతాను: "బాబూ, ఓడకు పాలసీ ఉందా అని అడిగినా వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ అడగదగ్గవి ఉన్నాయి. ఏజెంటుకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందా? ఓడ ఎవరిది? దొంగలు పట్టుకున్నా ఒప్పందం రద్దు కాదని, జీతం ఆగదని కాగితంలో ఉందా? నావికుల అంతర్జాతీయ ఒప్పందంలో 2020 డిసెంబరు 26 నుంచి ఈ నియమం అమలులో ఉంది. మన దేశం ఆ ఒప్పందంలో చేరింది 2015లో."

హాంబుర్గ్ కళాసీకి దాదాపు నాలుగువందల ఏళ్ళ కిందట దొరికిన హామీలో ఒక భాగం మన గుంటడికి ఈమధ్యనే దొరికింది. మీ ఊళ్ళో ఎవరి పిల్లవాడైనా ఓడెక్కబోతుంటే ఈ నాలుగు మాటలు వాళ్ళ చెవిని వెయ్యండి.