వేలూరి సిపాయిలు, బందరు దొరలు: ప్రయోజకకర్తృ విచారము

ఉత్తరహిందూస్థానమున సిపాయిని 'తిలంగా' యని పిలుచు వాడుక చిరకాలము నిలిచియుండెను. 1857వ సంవత్సరమున ఢిల్లీ నగరవాసులు తమ వీథులలోనికి వచ్చిన సిపాయిలను, వారు ఔధ్ ప్రాంతమువారైనను, ఈ పేరుతోనే వ్యవహరించిరి. కుంపిణీ కొలువునఁ జేరి పాశ్చాత్యపద్ధతిని కవాతు నేర్చిన తొలితరమువారిలో తెలుఁగువారు పెక్కుమంది యగుటచే దేశనామము వృత్తినామ మయ్యెనని శబ్దచరిత్ర మెఱిఁగినవారు చెప్పుదురు. కాఁబట్టి చెన్నపట్టణపు సేనయొక్క చరిత్రము మనకుఁ బరాయిది కాదు.

ఆ సేనలో మూఁడేండ్ల వ్యవధిలో రెండు తిరుగుబాటులు జరిగినవి. మొదటిది 1806వ సంవత్సరమున వేలూరికోటలో సిపాయిలు చేసినది. రెండవది 1809వ సంవత్సరమున మచిలీపట్టణము మొదలగు తావులలో దొరలే చేసినది. మొదటిదానిఁ గూర్చి పలువురు వ్రాసిరి. రెండవదానిఁ దలఁచువారు తక్కువ. రెంటిని ప్రక్కప్రక్క నుంచి చూచినఁగాని, కొలువు చేయువానికి ప్రభుత్వమునెడ నమ్మకము చెడుట యెట్లో తేటపడదని నాకుఁ దోఁచుచున్నది.

వ్యాకరణమున నొక మర్యాద కలదు. దేవదత్తుఁడు వండుచున్నాఁడన్నచో దేవదత్తుఁడు కర్త. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే వండించుచున్నాఁడన్నచో, ఆ ప్రేరేపించువానికిఁ గర్తయనియు హేతువనియు రెండు సంజ్ఞలను పాణిని విధించెను. వండినవాని కర్తృత్వము పోదు. అయినను వండించినవాఁడు ఆ క్రియనుండి తప్పించుకొనఁజాలఁడు. లోకవ్యవహారమున నీ మర్యాద తలక్రిందగుట కలదు. చేసినవాఁడే కర్తయై శిక్ష ననుభవించును. చేయించినవాఁడు వాక్యమునుండియే జాఱిపోవును.

వేలూరి కథ మొదట విచారింతము. అప్పుడు చెన్నపట్టణమున గవర్నరు విలియం బెంటింకు. సర్వసేనాధిపతి సర్ జాన్ క్రాడకు. సేనకు వేర్వేఱు కాలములం దేర్పడిన నిబంధనలను ఒక్కచోటఁ గూర్చుటకుఁ గ్రాడకు అనుమతి వేఁడి పొందెను. ఆ సంపుటమున పదునొకండవ ప్రకరణము పదవ పేరాలో నొక క్రొత్త నిబంధన చేరెను. కవాతు దుస్తులు ధరించినపుడు సిపాయి నొసట మతచిహ్నము పెట్టరాదు, చెవులకుఁ బోగులు ధరింపరాదు, గడ్డము గొఱిగించుకొనవలెను, మీసము సాధ్యమైనంతవఱకు ఏకరూపముగా నుండవలెను. ప్రాఁత నిబంధనల నడుమ నిది యొదిగియుండుటచే గవర్నరు సభ దీనిని గమనింపకయే యామోదించెను. ఆ దినములలోనే టోపీవలెఁ గనఁబడు క్రొత్త తలపాగాయు వచ్చెను. దానికిఁ దోలుతోఁ జేసిన యలంకారముండెను. ఆ తోలు ఏ జంతువుదో యను శంక ఒకటి. టోపీవాఁడయ్యెనని బంధువులు వెలివేయుదురను భయ మింకొకటి.

ఇంతవఱకు జరిగినది ప్రమాదము. ప్రమాదము ప్రతిప్రభుత్వమునందును గలదు, అది దిద్దుకొనఁదగినది. దిద్దుకొనుట కవకాశమును లభించెను. 1806 మే నెలలో వేలూరిలోని యొక పటాలమువారు ఆ తలపాగా ధరింపఁజాలమని చెప్పిరి. ఇరువదియొక్కరిని పట్టి చెన్నపట్టణమునకుఁ బంపిరి. వారిలో హిందువులును మహమ్మదీయులును గలరు. ఇద్దఱికిఁ దలకొక 900 కొరడాదెబ్బలు విధింపఁబడెను. తక్కిన పందొమ్మండ్రకు 500 చొప్పున విధించి, క్షమార్పణ వేఁడుకొన్నపిదప మన్నించిరి. మొఱ చెప్పుకొన్నవారి గతి యిది.

జూన్ నెలలో ముస్తఫా బేగను సిపాయి లోలోపల కుట్ర జరుగుచున్నదని తన పైయధికారికిఁ దెలిపెను. ఆ దొర విచారణను దేశీయాధికారులకే యప్పగించెను. కుట్రలోఁ బాలుగలవారు వారిలోనే యుండిరి. వారు ముస్తఫా మతిచెడినవాఁడనిరి. వానినే సంకెలలో నుంచిరి. ఇట్లు మర్యాదగా వలదన్నవానికిఁ గొరడా, రహస్యముగా హెచ్చరించినవానికిఁ జెఱ లభించెను. పైవారికి నిజము చేరుటకు రెండే త్రోవలుండఁగా రెండును మూయఁబడినవి. తిరుగుబాటునకుఁ గొలఁదిదినములకు ముందు క్రాడకునకే శంక కలిగి గవర్నరునకు వ్రాసెను. ఉత్తరువును మరలించినచో బలహీనతగాఁ దోఁచునని తలఁచి దానిని నిలిపియే యుంచిరి.

జూలై 10వ తేదీ తెల్లవాఱకముందే వేలూరికోటలో కాల్పులు మొదలాయెను. పదునలుగురు అధికారులును, 69వ పటాలమునకుఁ జెందిన నూఱుమందికిఁ బైబడిన తెల్లసైనికులును జచ్చిరి. పెక్కుమంది నిదురలోఁ గాల్పఁబడిరి. ఆ ఘోరమును సమర్థించుట నా యుద్దేశము కాదు. కొన్నిగంటలలోనే ఆర్కాడునుండి గిలెస్పీదొర రౌతులతో వచ్చి కోటను మరలఁ బట్టుకొనెను. నాఁడు చంపఁబడిన సిపాయిలు 350 మందియని కొందఱును, అంతకంటెఁ జాల నెక్కువయని కొందఱును లెక్కింతురు. పిదప సైనికన్యాయసభలు కూడెను. కొందఱిని ఫిరంగులనోటఁ గట్టి పేల్చిరి, కొందఱిని తుపాకులతోఁ గాల్చిరి, కొందఱిని ఉరితీసిరి, కొందఱిని ద్వీపాంతరమునకుఁ బంపిరి. ఆ పటాలముల పేరులే సేనాపట్టికనుండి తుడిచివేయఁబడెను. ముస్తఫా బేగునకు 2000 వరహాలును సుబేదారు భరణమును ఇచ్చిరి.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. వేలూరికోటలో టిప్పుసుల్తాను కుమారులు నివసించుచుండిరి. తిరుగుబాటుదినమునఁ గోటపై పులిచిహ్నముగల మైసూరుపతాక మెత్తఁబడెను. కావున రాజకుమారుల దుర్బోధయే కారణము, తలపాగా నెపమాత్రమని కొందఱు వాదించిరి. విచారణసంఘమువారు దుస్తులమార్పును, రాజకుమారుల సాన్నిధ్యమును రెంటినిఁ గారణములుగాఁ జెప్పిరి. దీనికి సమాధానము హైదరాబాదున లభించుచున్నది. అచటి కుంపిణీదండునందును అవే యుత్తరువులు, అదే కలఁత. కాని దండునాయకుఁడు మాంట్రెసరు దొర చెన్నపట్టణపు టాజ్ఞకై వేచియుండక, తన పూఁచీమీఁదనే యా యుత్తరువులను నిలిపివేసెను. అచట వేలూరివంటి హత్యాకాండ జరుగలేదు. దుర్బోధకులు ఎల్లప్పుడు నెల్లచోటుల నుందురు. ఎండినకట్టె దొరికిననే నిప్పురవ్వ పనిచేయును. ఎండఁబెట్టినవాఁడెవఁడో తేల్చుట ప్రథమకర్తవ్యము.

కుంపిణీ డైరెక్టరులు 1807వ సంవత్సరమున బెంటింకును, క్రాడకును పదవులనుండి తొలఁగించి వెనుకకుఁ బిలిచిరి. సేవకుల మనోభావమును ముందుగాఁ దెలిసికొనలేదని బెంటింకుపై వారి యాక్షేపణ. ఇది గొప్పమాటయే, పైవానికిని బాధ్యత కలదని యొప్పుకొన్న మాట. అయినను దాని ఫలమెట్టిదో చూడుఁడు. క్రాడకు తరువాత పోర్చుగల్లున సేనానియై, కేపుసీమకు గవర్నరై, ప్రభుపదవి నందెను. బెంటింకు 1828వ సంవత్సరమున గవర్నరు జనరలై మరలి వచ్చెను. ఆయన నేర్చుకొనలేదనరాదు, 1835వ సంవత్సరమున దేశీయసేనలోఁ గొరడాశిక్షను రద్దుచేసినవాఁ డాయనయే. వారి తప్పు దిద్దుకొనుటకుఁ గాలము లభించెను. ఫిరంగినోటఁ గట్టఁబడినవానికి ఆ కాలము లభింపలేదు.

ఇఁక బందరు కథ. చెన్నపట్టణపు సేనలో పటాలపు నాయకులకు గుడారములకై నెలనెల సొమ్ము ముట్టుచుండెను. యుద్ధమున్నను లేకున్నను అది వచ్చెడిది. పొదుపునకై 1808వ సంవత్సరమున ఆ యేర్పాటు తీసివేయఁబడెను. దొరలు మండిపడిరి. గవర్నరు సర్ జార్జి బార్లో కఠినుఁడు. కొందఱిని పదవినుండి నిలిపివేసెను. 1809 జూన్ 25వ తేదీని మచిలీపట్టణపుఁ గోటలోని తెల్లపటాలపు టధికారులు తమ నాయకుఁడైన ఇన్నెసు దొరను నిర్బంధించి కోటను వశపఱచుకొనిరి. హైదరాబాదు దండును, శ్రీరంగపట్టణపు దండును వారితోఁ గలసెను.

అప్పుడు బార్లో చేసినపని వింతయైనది. దొరలను దాఁటి, సుబేదారులకును సిపాయిలకును ప్రభుత్వమునెడ భక్తి నిలుపుకొనుఁడని నేరుగాఁ జెప్పించెను. మూఁడేండ్ల క్రిందట ఎవరి మొఱ వినఁబడలేదో వారి విశ్వాసము నేఁడు కావలసివచ్చెను! ఆగస్టులో చిత్రదుర్గమునుండి రెండు సిపాయిపటాలములు తమ దొరల యాజ్ఞచొప్పున శ్రీరంగపట్టణపు తిరుగుబాటుదారులఁ గలసికొన నడచుచుండెను. ప్రభుత్వపక్షపు రౌతులు వారిపైఁ బడిరి. సిపాయిలనేకులు నేలఁగూలిరి. తలపాగా ధరింపమన్నవారు ధిక్కారముచేఁ జచ్చిరి; నడువుమన్నచో నడచినవారు విధేయతచేఁ జచ్చిరి.

ఆ దొరల గతి యేమి? గవర్నరు జనరలు మింటోప్రభువు చెన్నపట్టణమునకు వచ్చి, సెప్టెంబరులో ఇరువదియొక్కరిని దక్క తక్కినవారి నందఱిని క్షమించెను. ఆ యిరువదియొక్కరిలో ముగ్గురిని విచారణకుఁ బెట్టిరి. తక్కినవారికి విచారణయో కొలువు విడుచుటయో కోరుకొనుఁడనిరి. ఒక్కనికిని మరణదండన లేదు. కొలువు పోయినవారిలోఁ బెక్కురను డైరెక్టరులు తరువాత మరలఁ జేర్చుకొనిరి. బందరున దొరలు వేలూరివలె నిదురించువారిని చంపలేదు; శిక్షాభేదమునకు అది కొంత హేతువని యొప్పుకొందును. కాని శ్రీరంగపట్టణపుదారిని గూలిన సిపాయిల నెత్తుటికి ప్రయోజకకర్తలు వారే. ఆ లెక్క యెవరును అడుగలేదు.

విశ్వాసశబ్దము శ్వసధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు ఊపిరి యర్థము. ఎవని సన్నిధిని నిర్భయముగా ఊపిరి విడువవచ్చునో వానియందు విశ్వాసము. కఠినమైన యాజ్ఞచేత నది చెడదు. సైనికుఁడు కాఠిన్యమునకు ఒప్పుకొనియే కొలువునఁ జేరును. మొఱ చెప్పినవాఁడు మొదట శిక్షింపఁబడుటచేతను, ఒకే నేరమునకు పైమెట్టున నొక తూనిక, క్రిందిమెట్టున నొక తూనిక యుండుటచేతను అది చెడును. 1857 మే 9వ తేదీని మీరటులో, తూఁటాలు ముట్టఁజాలమన్న యెనుబదియైదుగురు రౌతులకు కవాతునేలలో నందఱి యెదుట సంకెలలు వేసిరి. మఱునాఁడే తిరుగుబాటు. వేలూరి యిరువదియొక్కరి పాఠమును ఏఁబదియేండ్లలో మఱచిపోయిరి.

సైన్యమే కానక్కఱలేదు. పాఠశాలయైనను, న్యాయస్థానమైనను, ఏ సభయైనను క్రిందివాఁడు వలదన్నపుడు వినుటకు నొకచెవియు, పైవాఁడు తప్పినపుడు అడుగుటకు నొకనోరును లేనిచో, అందలి శాసనములు శబ్దమాత్రముగా మిగులును. బాలురకుఁ గారకము చెప్పునపుడు ప్రయోజకునిఁ గర్తయని చెప్పి యూరకుండక, ఈ రెండు కథలను జోడించి చెప్పుదుమేని వ్యాకరణమునకును చరిత్రమునకును మేలు కలుగును. ఇందలి దోషములను పండితులు సవరింతురు గాక.