యమ్ పుట్టిన చోటు

సర్వర్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు లినక్స్‌లో ప్రోగ్రాములు ఎక్కించడానికి యాప్ట్ మంచిదా, యమ్ మంచిదా అని అడుగుతుంటారు. నేను కమాండ్ల జోలికి పోకుండా ముందు వాటి పుట్టుక చెబుతాను. ఏది ఎవరి అవసరంలోంచి వచ్చిందో తెలిస్తే దాని తీరు అర్థమవుతుంది.

1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే లినక్స్ పంపిణీని మొదలుపెట్టేనాటికి లినక్స్‌లో చాలా ప్రోగ్రాములకు సోర్సు తెచ్చుకుని, కంపైల్ చేసి, ఏ ఫైలు ఎక్కడ చేరిందో మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆ లెక్కను మెషీనే రాసుకునేలా చేసింది డెబియన్‌లోని డీపీకేజీ. దాని ముఖ్యభాగాన్ని 1994లో ఇయాన్ జాక్సన్ సీ భాషలో రాశాడు. మరుసటి ఏడాది రెడ్‌హ్యాట్‌లో మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్‌ల ఆర్‌పీఎం వచ్చింది.

ఈ రెండూ ప్యాకేజీకి ఇంకా ఏమేం కావాలో చెప్పేవి. వాటిని వెతికి తెచ్చేవి మాత్రం కావు. ఒక ఆర్‌పీఎం ఎక్కించబోతే ఫలానా లైబ్రరీ లేదనేది. అది సంపాదిస్తే దానికి మరొకటి, అందులోనూ ఫలానా వెర్షనే కావాలి. డయలప్ మీద ఒక మెయిల్ సర్వర్‌ను నిలబెట్టేసరికి తెల్లారిపోయేది.

ఈ వెతుకులాటను 1998లో డెబియన్‌లో యాప్ట్ తన నెత్తిన వేసుకుంది. బ్రెజిల్‌లోని కొనెక్టివా కంపెనీకి అది ఎంత నచ్చిందంటే, ఆర్‌పీఎంతో పనిచేసేలా మార్చుకుంది.

యమ్ కథ నాకు మరీ ఇష్టం. పవర్‌పీసీ మెషీన్ల కోసం తయారైన ఎల్లోడాగ్ లినక్స్‌లో యప్ అనే అప్‌డేటర్ ఉండేది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగం కంప్యూటర్లు చూసుకునే సేత్ విడాల్, మైకేల్ స్టెన్నర్ తమ రెడ్‌హ్యాట్ మెషీన్ల కోసం దాన్ని తిరగరాశారు, అదే యమ్. అది అడ్మిన్లు అడ్మిన్ల కోసం చేసుకున్న పనిముట్టు. ఆర్‌పీఎంలన్నీ ఒక డైరెక్టరీలో పోసి, వాటి వివరాల పట్టీ తయారుచేసి, మామూలు వెబ్ సర్వర్ మీద పెడితే చాలు, రిపాజిటరీ సిద్ధం. మన ఆఫీసుకు మన రిపాజిటరీ! 2007లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5 యమ్‌నే తీసుకుంది. విడాల్ 2013 జులైలో సైకిల్ మీద వెళ్తుండగా కారు ఢీకొని చనిపోయాడు. తెలియని మనిషే అయినా ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. 2015లో ఫెడోరా 22లో యమ్ స్థానం డీఎన్‌ఎఫ్ అనే కొత్త పనిముట్టుకు వెళ్లింది. ఎంటర్‌ప్రైజ్ 8లో యమ్ అని కొట్టినా లోపల నడిచేది డీఎన్‌ఎఫే.

ఇక ఎంపిక మాట. నేను చూడమనేది ఒక చిన్న తేడా. మనం చేత్తో మార్చిన కాన్ఫిగ్ ఫైలుకు అప్‌డేట్‌లో కొత్త రూపం వస్తే, యాప్ట్ కింద నడిచే డీపీకేజీ మామూలుగా ఆగి, ఏది ఉంచాలని అడుగుతుంది. యమ్ కింద నడిచే ఆర్‌పీఎం అడగదు, ఎక్కువ ప్యాకేజీల్లో మన ఫైలును అలాగే ఉంచి, కొత్తదాన్ని ఆర్‌పీఎమ్‌న్యూ అనే తోకతో పక్కన పెడుతుంది. ఎదురుగా మనిషి లేకపోయినా ఇన్‌స్టాల్ పూర్తికావాలన్నది మొదటినుంచీ దాని పద్ధతి. ఒకటి రెండు సర్వర్లను దగ్గరుండి చూసుకునేవాళ్లకు అందుకే డెబియన్ చెబుతాను. వందల మెషీన్లను రాత్రిపూట వాటంతటవే అప్‌డేట్ కానివ్వాలంటే ఆర్‌పీఎం వైపు వెళ్లమంటాను. వెళ్లినవాళ్లు పొద్దున్నే ఎట్సీ డైరెక్టరీ కింద ఆ తోక ఉన్న ఫైళ్లను వెతికి, పాతదాంతో పోల్చి చూసుకోవాల్సిందే.